గుండె జబ్బున్న సీటు ఉద్యోగులు: ఆఫీసులో నడక, క్యాంటీన్ తిండి ఎట్లా సరిచేయాలి?

మూడో అంతస్తు, తిరుపతి:

అందరికీ నమస్కారం. మాది 40 మంది ఉండే ఆఫీసు. అందరిదీ పొద్దున 10 నుంచి సాయంత్రం 5.30 దాకా కంప్యూటర్ ముందు కూర్చునే పనే. వీళ్లలో ముగ్గురు గుండె జబ్బుకు మందులు వాడుతున్నారు. ఒకాయనకు స్టెంట్ వేసి రెండు నెలలైంది. ఇంకొకాయనకు బైపాస్ అయి ఏడు వారాలు, ఈ సోమవారమే డ్యూటీలో చేరినాడు. ఒక మేడమ్‌కు గుండె పంపింగ్ తక్కువ, ఈఎఫ్ (గుండె ఒక్కో కొట్టుకు బయటికి తోసే రక్తం శాతం) 35 అని రిపోర్టులో ఉంది. ముగ్గురూ సరే అన్నాకే ఇక్కడ అడుగుతున్నా.

పైవాళ్లు మూడు మాటలు అంటున్నారు. ఫోన్ యాప్‌లో రోజుకు 10,000 అడుగుల పోటీ పెట్టి బహుమతి ఇద్దామని. నిలబడి పనిచేసే ఎత్తు బల్లలు నాలుగు కొందామని. క్యాంటీన్‌లో గుండె జబ్బువాళ్లకు వేరే వంట చేయిద్దామని. ఈ మూడింట్లో ఏది పనికొస్తుంది, ఏది దండగ?

మా వరండా ఈ కొస నుంచి ఆ కొసకు 25 మీటర్లు. లిఫ్ట్ ఉంది, మెట్లు కూడా బాగానే ఉంటాయి. కౌంటర్లో కూర్చునే ఇద్దరు (స్టెంటాయన వాళ్లలో ఒకరు) జనం ఉన్నంతసేపు సీట్లోంచి లేవలేరు. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం చిరుతిండి క్యాంటీన్‌దే, ఒకే వంటమనిషి. కొలతలతో చెప్తే మేలు.


ఫిజియో, చిత్తూరు:

పోటీ వద్దు సార్. మిగతా 37 మంది ఆడుకుంటే ఆడుకోనీండి, ఈ ముగ్గురినీ ఆ పట్టికలో ఎక్కించొద్దు. పక్క సీటాయనకు 9,000 పడితే మనకు 4,000 పడిందని సాయంత్రం ఐదింటికి వరండాలో పరుగులాంటి నడక మొదలుపెడతారు. ఆ వేళకు ఒళ్లు అలిసి ఉంటుంది, పొద్దున మాత్రల ప్రభావం తగ్గుతూ ఉంటుంది, పైగా వేడెక్కడానికి టైమ్ ఇవ్వరు. 10,000 అనే అంకె గుండె రోగుల కోసం లెక్కగట్టింది కూడా కాదు. ఒక వారం ఏమీ మార్చకుండా మామూలుగా ఎన్ని అడుగులు పడుతున్నాయో చూసి, దానిమీద వారానికి 500 చొప్పున పెంచితే చాలు. 2,500 వేసే మనిషికి 3,000 మంచి మార్పే.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ ముగ్గురికీ ఒకే చీటీ పనికిరాదు.

స్టెంటాయన డిశ్చార్జ్ కాగితంలో మూడు చూసుకోవాలి. ఈఎఫ్ ఎంత, వేరే రక్తనాళంలో ఇంకా అడ్డు మిగిలి ఉందా, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెను చూసే పరీక్ష) చేశారా. అడ్డు మిగిలి ఉంటే నడక ఎంతవరకో గుండె డాక్టర్ చేతనే రాయించుకోవాలి. ఏమీ మిగల్లేదు, ఈఎఫ్ బాగుంది, టీఎంటీ నిమ్మళంగా పూర్తిచేశాడు అంటే వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు నడకకు నెల, నెలన్నరలో చేరుకోవచ్చు. ఆ కాగితాలు ఆయన దగ్గరే ఉండాలి. ఆఫీసు ఫైల్లో పెట్టుకోవాల్సిన పనిలేదు. 'ఇంతవరకు చేయొచ్చు' అని డాక్టర్ రాసిన ఒక్క లైను మీకు చాలు.

మీ వరండా లెక్క ఇట్లా వేసుకోండి. పోయి వస్తే 50 మీటర్లు. గంటకు మూడున్నర కిలోమీటర్ల నింపాది నడకలో 5 నిమిషాలకు 290 మీటర్లు వస్తుంది. మలుపుల దగ్గర తగ్గేది తీసేస్తే 5 చుట్లు. మొదటివారం 5 నిమిషాల నడక రోజుకు మూడుసార్లు: 11.30కి, 3.30కి, ఇంటికి పోయేముందు. రెండోవారం 7 నిమిషాలు, మూడోవారం 10. పది నిమిషాలు తేలిగ్గా అయిపోతున్నప్పుడు మాత్రమే వేగం పెంచాలి. టైమూ వేగమూ ఒకే వారంలో పెంచితే ఏది ఎక్కువైందో తెలియదు. మొదటి రెండు చుట్లు, చివరి రెండు చుట్లు ఎప్పుడూ నెమ్మదే. ఉన్నట్టుండి ఆగి నిలబడితే కాళ్లలో రక్తం నిలిచి కళ్లు తిరుగుతాయి.

వేగానికి గుర్తు: పక్కనున్నవాళ్లతో వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మాట మధ్యలో తెగుతుంటే తగ్గించాలి. చేతి వాచీలో నాడి చూసి నడవొద్దు. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ లాంటి మాత్రలు నాడిని పెరగనీయవు. నాడి ఎంతదాకా పోవచ్చో చూసుకోవడానికి 220లోంచి వయసు తీసేసే లెక్క వీళ్లకు తప్పుదారి పట్టిస్తుంది. నాడి 95 దగ్గరే ఉంది కదా అని ఇంకా గట్టిగా నడిచేది ఈ లెక్క నమ్మిన వాళ్లే.

బైపాస్ ఆయన సంగతి వేరు. కాళ్లకు అడ్డేమీ లేదు, నడవొచ్చు. జాగ్రత్త అంతా రొమ్ము ఎముకకే. అది అతుక్కోవడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, ఆయన ఇంకా ఏడులోనే ఉన్నాడు. బరువు ఎత్తడం గురించి అందరూ చెప్తారు కానీ ఆఫీసులో దెబ్బతీసేది లాగడం, నెట్టడం. బిగుసుకుపోయిన స్టీలు బీరువా డ్రాయరు ఒంటిచేత్తో గుంజడం, కుర్చీ చేతుల మీద బరువంతా మోపి లేవడం, పై అరలోంచి ఫైళ్ల కట్ట దించడం. నాలుగైదు కిలోలకు మించి ఏదీ ముట్టనీయొద్దు. లేచేటప్పుడు సీటు అంచుకు జరిగి, చేతులు రొమ్ముకు ఆనించుకుని, తొడల బలంతో లేవాలి. దగ్గొస్తే చిన్న దిండో మడిచిన తువ్వాలో రొమ్ముకు అదుముకోవాలి. ఎముక దగ్గర 'టక్కు' మనిపిస్తే ఆ రోజే సర్జన్‌కు చూపించాలి. బండి నడపడం డాక్టర్ సరే అన్నాకే. అప్పటిదాకా ఎవరైనా దింపితే మంచిది.

ఈఎఫ్ 35 మేడమ్‌కు మూడు నిమిషాల నడక, రెండు నిమిషాల కూర్చోవడం, మళ్లీ మూడు. అంతే. ఆమెకు నిన్నటి లెక్క ఈరోజుకు పనికిరాదు. పొద్దున మూత్రానికి పోయొచ్చి, ఏమీ తినకముందు, ఒకేరకం బట్టలతో బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందంటే అది కొవ్వు కాదు, నీరు. ఆరోజు నడక ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయాలి. రాత్రి వెల్లకిలా పడుకోలేక దిండు మీద దిండు పెట్టుకున్నా, చెప్పు పట్టీ గుర్తు పాదం మీద లోతుగా పడినా అదే మాట.

కౌంటర్లో లేవలేనివాళ్లకు: మడమలు నేలకు ఆనించి మునివేళ్లు పైకి 20, మునివేళ్లు ఆనించి మడమలు పైకి 20. పిక్కల కండ రక్తాన్ని పైకి తోసే పంపు లాంటిది, కూర్చుంటే అది ఊరకుంటుంది. తర్వాత ఒక్కో కాలూ చాపి మూడంకెలు లెక్కపెట్టి దించడం, పదేసి సార్లు. లెక్క బయటికి వినిపించేట్టు పెట్టమనండి. మనసులో పెడితే తెలీకుండానే ఊపిరి బిగబడతారు, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. జనం తగ్గినప్పుడు కుర్చీలోంచి లేచి కూర్చోవడం 5 సార్లు. ఇదంతా కలిపి మూడు నిమిషాలు, అరగంటకోసారి కుదిరితే మంచిది, గంటకోసారైనా తప్పదు.

ఫోన్ అలారం పెడదామంటారేమో, వారంలో అందరూ నొక్కేసి కూర్చుంటారు. సామాన్లు జరపండి. ప్రింటర్ వరండా ఆ కొసకు. నీళ్ల క్యాన్ ఈ కొసకు. బల్లమీద రెండు లీటర్ల సీసాలు తీసేసి 250 మిల్లీల గ్లాసులు. నీళ్ల కోసమే రోజుకు ఏడెనిమిది సార్లు లేస్తారు.


లెక్కల సెక్షన్:

మంచి వివరం అన్నా. పొద్దున ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో 45 నిమిషాలు నడిచొచ్చే మనిషికి కూడా ఈ వరండా తిప్పలు అవసరమా? ఎత్తు బల్ల సంగతి కూడా చెప్పండి.


ఫిజియో, చిత్తూరు:

అవసరమే. పొద్దున నడక గుండెకూ ఊపిరికీ ఇచ్చేది ఇస్తుంది. కానీ భోంచేసి మూడు గంటలు కదలకపోతే రక్తంలో చక్కెర, కొవ్వు ఎక్కువసేపు పైనే ఉంటాయి, పొద్దున నడక మధ్యాహ్నం దాకా కాపలా కాయదు. మధ్యలో రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ తిరిగినా కాలి కండలు ఆ చక్కెరను లాక్కుంటాయి. షుగర్ కూడా ఉన్నవాళ్లకు దీని లాభం ఇంకా ఎక్కువ.

ఎత్తు బల్ల నాలుగు కాదు, ఒకటి కొనండి. వంతులవారీగా వాడుకోవచ్చు. నిలబడితే ఖర్చయ్యే శక్తి కూర్చున్నదానికన్నా కొంచెమే ఎక్కువ. ఒకేచోట అరగంట దాటి నిలబడితే కాళ్లు వాస్తాయి. బైపాస్‌కు కాలిలోని రక్తనాళం తీసి ఉంటే ఆ కాలు ఇంకా తొందరగా వాస్తుంది. కదలికే మందు, నిలబడటం కాదు.

వేసవిలో బయటి నడక పొద్దున 5.30కి మొదలై 6.45కు ముగియాలి. మే నెలలో ఏడు దాటితే తిరుపతి ఎండ సంగతి తెలిసిందే, నీరు పోయే మాత్రలు వాడేవాళ్లకు బీపీ పడిపోతుంది. యూనివర్సిటీ దూరమైతే ప్రకాశం పార్కు. ఏసీ హాల్లోంచి నేరుగా ఎండలోకి పోయి నడవొద్దు.


బేనీషా:

సార్, ఆ స్టెంటాయన స్థానంలో ఎవరున్నా అడిగే మాట ఒకటుంది. ఆపరేషన్ బాగైతే కొండకు నడిచొస్తానని మొక్కుకునుంటారు. అలిపిరి మెట్లు ఎప్పుడు ఎక్కొచ్చు?


ఫిజియో, చిత్తూరు:

రెండు నెలలకు మాత్రం కాదు. అలిపిరి దారి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. సగానికి పైగా మెట్లు గాలిగోపురం లోపలే, ఊపిరి తిప్పుకోనీయకుండా వస్తాయి. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే కదా తక్కువ అనుకుంటారు, అది రెండు కిలోమీటర్ల చిల్లరలోనే అంత ఎత్తు ఎక్కిస్తుంది కాబట్టి గుండెకు ఇంకా గట్టి పని. గుండె జబ్బున్నవాళ్లు నడకదారిలో రావొద్దని టీటీడీ వాళ్లే చెప్తుంటారు.

టీఎంటీ రిపోర్టులో 'మెట్' అని ఒక అంకె ఉంటుంది. అది మెట్టు కాదు, శ్రమకు కొలత. ఊరికే కూర్చుంటే 1. రెండు అంతస్తులు ఆగకుండా ఎక్కితే సుమారు 4. మెట్లు గబగబా ఎక్కితే 8 దాకా పోతుంది, కొండదారిలో గట్టి శ్రమను గంటలకొద్దీ మోయాలి. టీఎంటీలో 7 దగ్గర ఆగిన మనిషి కొండ ఎక్కుతానంటే లెక్కే తప్పు. మొక్కు తీరే దారి డాక్టర్ ఆరు నెలలకో ఏడాదికో చెప్తాడు, అప్పటిదాకా బస్సులో పోయి దండం పెట్టుకున్నా స్వామి కాదనడు.

ఆఫీసు మెట్లు మాత్రం వాడుకోండి. మొదట దిగడం, రెండు వారాల తర్వాత ఒక అంతస్తు ఎక్కి మిగతాది లిఫ్ట్. తిన్నాక గంట లోపల ఎక్కొద్దు. ఎక్కేటప్పుడు ఫోన్ మాట్లాడొద్దు, మెట్ల మలుపులో పది సెకన్లు నిలబడాలి. బైపాస్ ఆయన పిట్టగోడ పట్టుకోవచ్చు, దాన్ని పట్టి పైకి లాక్కోకూడదు.


సంగటిముద్ద:

తిండి సంగతి నేను చెప్తా. ఆహార నియమాలు రాసిచ్చేది నా పని.

వేరే వంట వద్దే వద్దు. ఒకే వంటమనిషి రెండు పొయ్యిల మీద రెండు రకాలు చేస్తే మూడోరోజుకు రెండో గిన్నె చప్పగా, చల్లగా, ఆఖర్న వడ్డించేదిగా మారుతుంది. దాని ముందు నిలబడటానికి ఆ ముగ్గురూ సిగ్గుపడి ఇంటినుంచి పులిహోర తెచ్చుకుంటారు. 40 మంది వంటనే మార్చండి. బీపీ, షుగర్ ఉండి బయటపడనివాళ్లు మిగతా 37 మందిలో ఎందరుంటారో!

తలకు, మధ్యాహ్నం భోజనానికి: బియ్యం 80 గ్రాములు, కందిపప్పో పెసరపప్పో 30 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి పచ్చివి 200 గ్రాములు, పెరుగు 100 మిల్లీలు, నూనె 10 గ్రాములు, ఉప్పు 2 గ్రాములు. 40 మందికి గుణిస్తే బియ్యం 3.2 కిలోలు, పప్పు 1.2 కిలోలు, కూరలు 8 కిలోలు, పెరుగు 4 లీటర్లు, నూనె 435 మిల్లీలు, ఉప్పు 80 గ్రాములు. ఇప్పుడు మీ క్యాంటీన్‌లో కూరలు ఎన్ని కిలోలు వస్తున్నాయో అడిగి చూడండి. మామూలుగా బియ్యం దీనికి రెట్టింపు, కూరలు ఇందులో సగం ఉంటాయి. మార్పు అక్కడే మొదలుకావాలి.

ఉప్పు దగ్గర కొంచెం ఆగుతా. రోజు మొత్తానికి మనిషికి 5 గ్రాములే హద్దు, అంటే ఒక చిన్న చెంచా. ఉప్పు ఎక్కువైతే నీటిని పట్టి ఉంచుతుంది, బీపీ పెరుగుతుంది, పంపింగ్ తక్కువున్న మేడమ్‌కు కాళ్ల వాపూ ఆయాసమూ వస్తాయి. వంటమనిషిని 'ఉప్పు తగ్గించయ్యా' అంటే 'తగ్గించినా సార్' అంటాడు, అబద్ధమేమీ కాదు, చేతి కొలత అట్లాంటిది. అందుకని మనిషిని అడగొద్దు, ప్యాకెట్‌ను అడగండి. కొత్త కిలో ప్యాకెట్ విప్పిన తేదీ దానిమీదే రాయండి. 40 మందికి రోజుకు 80 గ్రాములైతే అది 12 రోజులు రావాలి. 5 రోజులకే అయిపోయిందంటే ఒక్క పూటకే తలకు 5 గ్రాములు పోతున్నట్టు, రోజు కోటా మధ్యాహ్నమే తీరిపోయినట్టు.

ఎక్కడ తీసేయాలంటే, అన్నం వార్చే నీళ్లలో, సంగటి ఎసట్లో, చపాతీ పిండిలో ఉప్పు పూర్తిగా మానేయొచ్చు. మజ్జిగలో ఉప్పు మాని అల్లం, కరివేపాకు, కొత్తిమీర దంచి నిమ్మకాయ పిండితే అడిగేవాళ్లుండరు. పప్పులో, పులుసులో ఉప్పు ఆఖర్న వేయాలి. మొదట్లో వేస్తే లోపలికి ఇంకిపోయి నాలుకకు తెలియదు, మళ్లీ ఇంకోసారి వేస్తారు. చింతపండు పులుపు ఉప్పు లోటును బాగా కప్పుతుంది, మన పచ్చిపులుసు దీనికి మంచి సాయం. ఊరగాయ బల్లమీదనుంచి తీసేయండి. వడ్డించేవాళ్ల దగ్గర ఉంటే అడిగినవాళ్లకు చిటికెడు. పచ్చళ్లలో బరువుకు పదోవంతుకు పైనే ఉప్పుంటుంది. అప్పడం వారానికోసారి.

రాగి సంగటి పెట్టండి, వారానికి రెండుసార్లు. కానీ సంగటి అన్న పేరు వినగానే 'ఎంతైనా తినొచ్చు' అనేది మన జిల్లాలో ఉన్న భ్రమ. మడిలో దిగేవాళ్ల ముద్ద కొలత కుర్చీలో కూర్చునేవాళ్లకు కాదు. 250 గ్రాముల ముద్ద ఒకటి, దాంతో ఆకుకూర పప్పో ఉలవచారో, వంకాయ పులుసో. ఆరోజు అన్నం సగానికి తగ్గాలి. ఉలవచారు మీద వెన్న వేసే ఆచారం ఆఫీసులో వద్దు. చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు పితికిపప్పు చేయించండి, పప్పుకు పప్పు, పీచుకు పీచు. దాన్లో టెంకాయ మసాలా సగం చేసి ఎర్రగడ్డ, తెల్లగడ్డ పెంచితే రుచి పోదు.

నూనె మాట. 435 మిల్లీల లెక్కన 15 లీటర్ల డబ్బా 34 వంట రోజులు రావాలి. చెనిక్కాయ నూనె ఒక డబ్బా, పొద్దుతిరుగుడుదో తవుడుదో ఒక డబ్బా మార్చి మార్చి వాడండి. పామాయిల్‌లో దాదాపు సగం గడ్డకట్టే రకం కొవ్వే, అది వద్దు. బజ్జీలు వేసిన నూనెను మర్నాడు సాంబారు తాలింపుకు వాడటం అన్ని క్యాంటీన్లలో ఉన్న జబ్బు. కాచి కాచి నల్లబడ్డ నూనె గుండెకు మంచిది కాదు. దానికి మందు తిట్టడం కాదు, వేపుడు పెట్టకపోవడం. బాణలి లేకపోతే మిగులు నూనే ఉండదు.

సాయంత్రం 4.30కి పునుగులు, పఫ్‌ల బదులు గుగ్గిళ్లు. అలసందలు, ఉలవలు, శెనగలు రోజుకొకటి, తలకు ఎండువి 40 గ్రాములు నానబెడితే ఉడికాక కప్పు వస్తుంది. పచ్చి ఎర్రగడ్డ, నిమ్మరసం చాలు. ఉడకబెట్టిన చెనిక్కాయలు మంచివే, ఉప్పునీళ్లలో ఉడకబెట్టకపోతే. బొరుగులు తేలికే కానీ ఉగ్గాని పేరుతో నూనె, పప్పులపొడి, పైన మిరపకాయ బజ్జీ చేరితే తేలిక పోయింది. బజ్జీ తీసేసి పెట్టండి.

టీ చక్కెర చెప్పకపోతే లెక్క తప్పుతుంది. రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులంటే 8 చెంచాలు, 35 గ్రాములకు తగ్గదు. చిత్తూరు బెల్లం వేశాం కదా అంటారు, బెల్లం కూడా చక్కెరే, రంగే తేడా. మరిగించిన డబ్బా టీ బదులు డికాక్షన్, పాలు, చక్కెర విడివిడిగా పెడితే ఎవరి చెంచా వాళ్లకు కనిపిస్తుంది.

తిరుపతి ఆఫీసుల్లో ఇంకో గొడవ, లడ్డూ. వారానికి ఒకరన్నా కొండకు పోయొస్తారు, చిన్న లడ్డూనే 160, 180 గ్రాములుంటుంది. ప్రసాదం వద్దనమని ఎవరూ చెప్పలేరు. ఒక లడ్డూను 16 ముక్కలు చేసి పళ్లెంలో పెట్టండి. అట్లైతే ముక్క 10 గ్రాములు, కళ్లకద్దుకుని నోట్లో వేసుకోవచ్చు. లడ్డూ పెట్టెను పెట్టెగానే బల్లమీద పెట్టేదే తప్పు. బేనీషా మామిడి కాలంలో కూడా ఇంతే, భోజనం మీద కాయంతా కాదు, నాలుగింటికి రెండు బద్దలు.


మందులషాపు మలుపు:

పైన చెప్పినవన్నీ బాగున్నాయి, మాత్రలతో గొడవ పడేవి మాత్రం రాస్తా.

'తక్కువ సోడియం ఉప్పు' అని ప్యాకెట్లు వస్తున్నాయి, ఉప్పు తగ్గించమంటే క్యాంటీన్‌కు దాన్నే తెప్పిస్తారేమో. వద్దు. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. రామిప్రిల్, టెల్మిసార్టాన్, స్పిరోనోలాక్టోన్ అనే బీపీ, గుండె మాత్రలు వాడేవాళ్లకు, కిడ్నీ సరిగా లేనివాళ్లకు రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు. ఈఎఫ్ తక్కువున్న మేడమ్ మాత్రల్లో ఇవి ఉండే అవకాశం ఎక్కువ. మామూలు ఉప్పునే తగ్గించి వాడండి.

పై పోస్టులో గ్లాసు నీళ్లకోసం లేవమన్నారు, ఆ మేడమ్‌కు డాక్టర్ నీళ్ల కోటా పెట్టాడేమో ముందు అడగండి. లీటరున్నర అని ఉంటే అందులో మజ్జిగ, సాంబారు, కాఫీ కూడా చేరతాయి. దీనికి సులువైన పద్ధతి, పొద్దునే లీటరున్నర సీసా నింపుకోవాలి. కాఫీ తాగితే అంత నీళ్లు సీసాలోంచి వంచి కిటికీ దగ్గరున్న కుండీలో పోయాలి. సాయంత్రానికి సీసాలో ఏముందో అదే మిగిలిన కోటా.

వాల్వు మార్పించుకుని వార్ఫరిన్ గానీ అసిట్రోమ్ గానీ (రక్తం గడ్డకట్టనీయని మాత్రలు, ఆకుకూర వీటి పనిని మారుస్తుంది) వాడేవాళ్లు మీ దగ్గర ఎవరన్నా ఉంటే ఆకుకూర మానొద్దు, ఒకేసారి పెంచొద్దు. వారం వారం ఒకే కొలత తినాలి. క్యాంటీన్ మెనూ మారిన వారం ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష) చూపించుకోమనండి.

కొత్తగా నడక మొదలుపెట్టగానే మోకాళ్లు నొప్పి అంటారు, పక్క సీటువాళ్లు డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర ఇస్తారు. గుండె జబ్బువాళ్లకు ఆ జాతి మాత్రలు చేటు. నీరు పట్టిస్తాయి, ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తం కారేట్టు చేస్తాయి. నొప్పికి ఏం వాడాలో డాక్టర్‌నే అడగాలి. స్టెంటాయన రెండు రకాల రక్తం పలచన మాత్రలు పంటి పని ఉందనో, అరచేయి కమిలిందనో సొంతంగా మానకూడదు. మానితే స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు.

చివరిది, ఇది గోడకు అంటించదగ్గది. నడుస్తున్నప్పుడు రొమ్ము బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, చల్లటి చెమట, అకారణంగా ఆయాసం వస్తే ఆగి కూర్చోవాలి. 'గ్యాస్' అని పొంగే పొడి కలిపి ఇవ్వొద్దు, అందులో సోడియం సరే, దానివల్ల పోయే అరగంటే అసలు నష్టం. డాక్టర్ సార్బిట్రేట్ రాసిచ్చి ఉంటే కూర్చున్నాకే ఒకటి నాలుక కింద పెట్టుకోవాలి. నిలబడి పెట్టుకుంటే బీపీ పడి కూలబడతారు. మగతనం మాత్రలు వాడినవాళ్లు దాన్ని పెట్టుకోకూడదు. సిల్డెనాఫిల్ అయితే 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు. సిగ్గుపడకుండా డాక్టర్‌కు ముందే చెప్పుకోవాలి. 5 నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108. బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోవద్దు. మీది మూడో అంతస్తు కాబట్టి ఒకరు లిఫ్ట్ పట్టుకుని ఉండాలి, ఒకరు గేటు దగ్గర అంబులెన్స్‌కు ఎదురు పోవాలి, ఎవరెవరనేది ఈరోజే పేర్లు రాసి పెట్టుకోండి. మనిషి పడిపోయి పలక్కుండా, ఊపిరి లేకుండా ఉంటే రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు దాకా నొక్కుతూ ఉండాలి, అంబులెన్స్ వాళ్లు అందుకునేదాకా ఆపకూడదు. నలుగురికన్నా దీంట్లో శిక్షణ ఇప్పించండి, ఒకరిద్దరు సెలవులో ఉన్నా నడవాలి.


మూడో అంతస్తు, తిరుపతి:

అందరికీ దండాలు. పోటీ రద్దు చేయించాం, ప్రింటర్ వరండా కొసకు జరిగింది. ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాశాం, ఆరు రోజులకే అయిపోయింది. ఒక్కసారిగా సగం చేయమంటే వంటాయన 'రేపటినుంచి తినేవాళ్లుండరు' అంటున్నాడు.


సంగటిముద్ద:

వంటాయన చెప్పేది నిజమే, ఒక్కసారిగా దించొద్దు. ఆరు రోజులకు కిలో అంటే రోజుకు 165 గ్రాములు, తలకు 4 గ్రాముల పైన. వారానికి 15 గ్రాముల చొప్పున దించండి. ఈ సోమవారం 150, వచ్చే సోమవారం 135, అట్లా ఆరోవారానికి 75 దగ్గరికి వస్తారు. నాలుక ఆ మాత్రం మార్పును పసిగట్టదు. ప్యాకెట్ వంటింట్లో ఉంచొద్దు. పొద్దునే ఆ రోజు ఉప్పు తూచి ఒక చిన్న డబ్బాలో పోసి ఆయన చేతికివ్వండి, పప్పు, కూర, చారు అన్నీ ఆ డబ్బాలోంచే. బల్లల మీదున్న ఉప్పు సీసాలు మాత్రం మొదటిరోజే తీసేయండి, లేకపోతే వంటింట్లో తగ్గిందంతా బల్లమీద చేరుతుంది. నెల తర్వాత ఊరగాయ గిన్నె ఎంత ఖాళీ అవుతుందో కూడా చూడండి. అది పెరిగి ఉంటే మీ 15 గ్రాములు అటు పోయాయని లెక్క, అప్పుడు ఒక వారం దించడం ఆపి ఆ వారం చారులో మిరియాలు, చింతపండు పెంచమనండి.